కన్నప్ప వారసులెవరు?

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున ఉప్పలు, నాచారములను దాటి యుత్తరముగా పోయినచో దమ్మాయిగూడ వచ్చును. ఒకప్పుడిది పొలముల నడుమ నున్న పల్లె. నేడు నగరము దానిని తనలో కలుపుకొన్నది. కీసర ప్రాంతపు టీ యూరివారికి మహాశివరాత్రి యనగా కీసరగుట్ట జాతరయే. గుట్టమీది రామలింగేశ్వరుని దర్శించుటకై వేలకొలది జనము పిల్లాపాపలతో తరలివత్తురు. రాత్రి మేలుకొని యుందురు. ఆ జాగరణమున మన పెద్దలు చెప్పుకొను వ్రతకథ యెవరిని గూర్చినది? రాజును గూర్చి కాదు, పండితుని గూర్చియు కాదు. ఒక వేటగానిని గూర్చినది.

ఆకొన్న బిడ్డల కొఱకు వేటకు వెడలిన యొక బోయ, చీకటి పడగా, నీటిమడుగు చెంతనున్న మారేడు చెట్టెక్కి కూర్చుండెను. క్రింద నొక శివలింగ మున్నదని వాడెఱుగడు. లేడి యొకటి నీటికి వచ్చెను, వాడు విల్లెక్కుపెట్టెను. పిల్లలను తనవారి కప్పగించి మరల వత్తునని యది వేడుకొనగా వాడు విడిచెను. మఱియొకటి వచ్చెను, దానిని నట్లే విడిచెను. తెల్లవాఱునప్పటికి లేళ్లన్నియు నాడిన మాట తప్పక వచ్చి వాని యెదుట నిలిచెను. అంతట వాడు విల్లు దించివేసెను. మారేడాకులు లింగముపై రాలినందున శివుడు మెచ్చెనని మనము తఱచుగా చెప్పుకొందుము. వానికి జాలి పుట్టినందున మెచ్చెనని చెప్పుకొనుట మాత్ర మరుదు.

ఈ కథ మనలను కొన్ని ప్రశ్నలడుగుచున్నది. చంపుట వృత్తిగా గలవానికి దయ యెట్లు పుట్టును? పుట్టిన దయ యేమి చేయగలదు? ఒక్కని హృదయమున కలిగిన భక్తి పదుగురిని కూర్చి, వ్యాధిగ్రస్తులకు నీడగా నిలిచిన సందర్భములు చరిత్రమున గలవా? ఈ విషయమును గూర్చి యీ వ్యాసమున కొంత విచారింపదలచితిమి.

తెలుగువారికి వేటగాని భక్తి యనగానే కన్నప్ప జ్ఞప్తికి వచ్చును. 12వ శతాబ్దమున తమిళమున శేక్కిళారు రచించిన పెరియపురాణము ఆతని నరువదిమూవురు నాయనార్లలో నొకనిగా కీర్తించినది. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆతని కథను తెలుగున జెప్పెను. 16వ శతాబ్దమున ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యమున తిన్నని చరిత్రమును పెంచి వ్రాసెను. పొత్తపినాటి బోయదొర కుమారుడైన తిన్నడు వేటకు వచ్చి, అడవిలో లింగమును చూచి, యచ్చటనే నిలిచిపోయెను. తాను రుచి చూచిన మాంసమును స్వామికి పెట్టెను. నోటితో తెచ్చిన నీటితో నభిషేకించెను. ఇట్లుండ నొకనాడు స్వామి కంటినుండి నెత్తురు కాఱసాగెను.

అప్పుడు తిన్నడు చేసిన పనులను వరుసగా గమనింపవలసినదని చదువరులను కోరుచున్నాము. పెరియపురాణము చెప్పునట్లు, మొట్టమొదట నాతడు విల్లందుకొని, యీ గాయము చేసినవా డెవ్వడని యడవి యంతయు వెదకెను. ఎవ్వరును కానరాలేదు. రెండవసారి యడవిలోనికి పోయి, అమ్ముదెబ్బలకు తనవారు వాడు పచ్చిమూలికలను తెచ్చి, పిండి కంటిలో పోసెను. గుణము కనబడలేదు. మూడవసారి మాత్రమే, మాంసమునకు మాంసమే మందను తనవారి మాట తలచుకొని, అమ్ముతో తన కన్ను పెకలించి స్వామి కంటికి పెట్టెను. రెండవ కన్నును కాఱుట చూచి, చోటు గుర్తుండుటకై కాలి నక్కడ నాని, తన రెండవ కంటికిని అమ్ము నెత్తగా, స్వామి చేయి పట్టి యాపెనని కథ.

కోపము, వైద్యము, ఆత్మార్పణము: ఇవి మూడు మెట్లు. మన కవులును కథకులును మూడవ మెట్టునే వేనోళ్ల పొగడిరి. మేము రెండవ మెట్టును మఱువరాదని యనుచున్నాము. దైవము గాయపడినట్లు కనబడినప్పుడు ఆ బోయవానికి స్తోత్రము తోపలేదు; మందు తోచెను. ఏలయనగా గాయము వానికి క్రొత్త కాదు. మృగమునకు గాయము చేయుట వాని పని. మృగము వలనను ముండ్ల వలనను గాయపడుట వాని నిత్యానుభవము. ఏ యాకు నెత్తురు కట్టునో, ఏ వేరు వాపు తీయునో తెలియనివా డడవిలో బ్రదుకజాలడు. నల్లమల చెంచులును, నెల్లూరు తీరపు యానాదులును మూలికల యెఱుకకు పేరుపడినవారు. కాబట్టి వేటగాని దయ యాకాశమునుండి యూడిపడినది కాదు. నొప్పిని దగ్గఱగా నెఱిగినవానికి, ఆ నొప్పిని తీర్చు కోరిక కలుగుటలో వింత లేదు. భక్తి చేసిన పని యేమనగా, ఆ యెఱుకను తనవారి నుండి పరులవైపునకు త్రిప్పుట.

ఈ కథలో నొక అర్చకుడును గలడు. మైలపడిన గుడిని చూచి కుమిలి, శుద్ధి చేసి, మంత్రయుక్తముగా పూజించి పోయెడివాడు. వాని పూజ తప్పని కథ చెప్పదు. కాని కన్ను కాఱునప్పుడు వాడు చాటున నిలిచి చూచినవాడే గాని, మందు తెచ్చినవాడు కాడు. శ్రీకాళహస్తిలో నేటికిని మహాశివరాత్రి బ్రహ్మోత్సవములకు తొలి ధ్వజారోహణము కొండమీది కన్నప్ప గుడియొద్దనే జరుగును. స్వామికంటె ముందు బోయవానికి జెండా నెత్తు నీ యాచారము మన దేశమున నెంతటి గొప్ప మాట! కాని గుడిలో నిచ్చిన యగ్రస్థానము ఊరిలో నిచ్చితిమా? ఆ ప్రశ్నకు ముందు మరల వత్తుము.

కన్నప్ప కథలో నొక కొఱతయు గలదు. నాణుడు, కాడుడు నను చెలికాండ్రిరువురు తిన్నని వెంట వేటకు వచ్చినవారు. వాడు లింగమును విడిచి రాకుండుట చూచి పిచ్చిపట్టినదనుకొని, పోయి తండ్రికి చెప్పిరి. తండ్రి బంధువులతో వచ్చి బతిమాలి, ఫలము లేక తిరిగిపోయెను. తిన్నడొంటరి యయ్యెను. ఒక్కని త్యాగ మొక్క కంటికి చాలినది. కాని బోయపల్లె యంతయు కూడి, గాయపడినవారి కొక చావడి కట్టినదని కథ చెప్పదు. భక్తి యొక్కని యందు మెఱుపువలె మెఱసినది. పదుగురి యింట దీపముగా నిలువలేదు. ఈ కొఱత తీర్చుటకు యత్నించిన వేటగాండ్రు పాశ్చాత్యదేశములలో గలరు. వారి చరిత్రము మన కథకు విచిత్రమైన జోడుగా నున్నది గాన నిచ్చట చెప్పుచున్నాము.

క్రీస్తుశకము 727లో మరణించిన హ్యూబర్టు లీజి ప్రాంతపు బిషప్పు. నేటి బెల్జియము దేశమునకు చెందిన ఆర్డెను అడవులలో మతప్రచారము చేసినవాడు. ఈతడు యౌవనమున వేటయం దాసక్తుడై, ఒక పవిత్రశుక్రవారమున దుప్పిని తఱుముకొని పోగా, దాని కొమ్ముల నడుమ శిలువ వెలిగెననియు, అంతట విల్లు విడిచి భక్తుడయ్యెననియు ఐతిహ్యము. ఈ దుప్పి కథ మొదట యూస్టసు అను వేఱొక పుణ్యపురుషునిది. 15వ శతాబ్దము నాటికి హ్యూబర్టున కంటుకొన్నది. చరిత్రము కాకపోయినను, శివరాత్రి బోయ యెదుట లేడి నిలిచినట్లే యచ్చటను మృగమే గురువై నిలిచినదని చదువరులు గమనింపగలరు. హ్యూబర్టు వేటగాండ్రందఱికి రక్షకుడుగా నెన్నబడెను. 825లో నాతని శరీరము నార్డెనులోని మఠమునకు చేర్చిరి. అచ్చటి యూరికి నాతని పేరే స్థిరపడెను.

వేటగానికి కుక్క తోడు. కుక్కకు పిచ్చి యెత్తినచో ముందుగా కాటుపడువాడు వేటగాడే. కాబట్టి పిచ్చికుక్క కఱచినవారు దూరదేశములనుండి యా మఠమునకు వచ్చుచుండిరి. సన్న్యాసులు రోగి నుదుట చిన్నగాటు పెట్టి, హ్యూబర్టు ఉత్తరీయములోని దారపుపోగు నందుంచి కట్టు కట్టి, తొమ్మిది దినముల నియమము విధించెడివారు. వేఱు చోట్ల హ్యూబర్టు పేర నినుప కడ్డీని కాల్చి కాటుపై వాత పెట్టుట గలదు. వెనువెంటనే కాల్చిన గాయమునకు కొంత మేలు కలిగి యుండవచ్చును. దారపుపోగునకు ఆ విషమును హరించు శక్తి లేదు. 1885 జూలై 6వ తేదీన పాశ్చరు పండితుడు జోసెఫు మైస్టరను బాలునకు టీకా వేసిన పిమ్మట గాని లోకమునకు నిజమైన రక్ష దొరకలేదు. మన దక్షిణదేశమున 1907లో కూనూరునందు పాశ్చరు సంస్థ వెలసినది. ఈ నిజమును దాచి మఠమును పొగడుట మాకు సమ్మతము కాదు. అయినను కాటుపడినవానిని చూచి లోకము భయపడి తొలగు కాలమున, వానిని లోనికి రానిచ్చి, తొమ్మిది దినములు కనిపెట్టి యుండు చోటొకటి వేటగాండ్ర రక్షకుని పేర నుండెననుట చిన్న విషయము కాదు. మందు తప్పు కావచ్చును. తలుపు తెఱచుట తప్పు కాదు.

వేటగాండ్రు సంఘముగా కూడిన యుదాహరణము బొహీమియా దేశమున, నేటి చెకు రాజ్యమున, కనబడుచున్నది. ఫ్రాంజ్ ఆంటోన్ ష్పోర్కు (1662–1738) అను ప్రభువు 1695లో హ్యూబర్టు పేర వేటగాండ్ర సంఘమును స్థాపించెను. ఈతని తండ్రి సామాన్య కుటుంబమున పుట్టి, యుద్ధములలో సేనానియై, గొప్ప భూస్వామి యయ్యెను. కుమారుడు వేటకొమ్ముల సంగీతమును ఫ్రాన్సునుండి తన దేశమునకు తెప్పించినవాడు. ఎల్బె నది యొడ్డున కుక్సు అను చోట నాతడు స్నానశాలలు, నాటకశాల, భవనము కట్టించి విలాసస్థలముగా దీర్చెను. నదికి ఆవలి గట్టున మాత్రము వేఱొక కట్టడము లేపెను. అది ముదిసిన సైనికులకును, తన భూములలో పనిచేసి యశక్తులైనవారికిని ఉద్దేశింపబడిన ఆసుపత్రి. దాని ముందు మాతియాస్ బ్రౌన్ అను శిల్పి చెక్కిన సుగుణముల ప్రతిమలు పండ్రెండు, దుర్గుణముల ప్రతిమలు పండ్రెండు వరుసగా నిలిచి యున్నవి. కరుణాసోదరులను సన్న్యాసులు రోగులకు పరిచర్య చేయుట కేర్పడిరి. ఔషధశాల యొకటి నెలకొన్నది.

తరువాత జరిగినది యొక నీతికథవలె నున్నది. కాని యది చరిత్రము. ష్పోర్కు మరణించిన రెండేండ్లకు, 1740లో, ఎల్బె నది పొంగి విలాసపు కట్టడములను కొట్టుకొనిపోయెను. ఆయన భవనమును తరువాతి కాలమున నేలమట్టమయ్యెను. ఆవలి గట్టుమీది ఆసుపత్రి నిలిచెను. స్థాపకుడు పోయిన పిదప నది రోగులను చేర్చుకొన నారంభించి, 20వ శతాబ్దము వఱకు సేవ చేసెను. ఔషధశాల నేడు వస్తుప్రదర్శనముగా నున్నది. తన సుఖమునకు కట్టుకొన్నది నీటిపాలయ్యెను. పరుల నొప్పికి కట్టినది నిలిచెను.

ఇచ్చట నొక సత్యమును చెప్పక విడువరాదు. ఆ ప్రభువుల వేట పేదరైతుల చేలను త్రొక్కిన వేట. ఆ ధనము వెట్టిచాకిరి చేసిన జనుల చెమటనుండి వచ్చిన ధనము. ష్పోర్కు తనకు నచ్చిన మతగ్రంథములను ముద్రింపించి పంచి, దండనకు గుఱి యయ్యెను. 1729లో నాతని గ్రంథాలయమును అధికారులు పట్టుకొనిరి. ఆతడు స్వతంత్రుడే, కాని తన భూములందలి దాసులకు స్వతంత్రత నీయలేదు. కాబట్టి ఆసుపత్రి కట్టుట న్యాయము చేయుటకు బదులు కాజాలదని మా దృఢవిశ్వాసము. అయినను కన్నప్ప కథలో లేనిది యచ్చట మూడు విధముల గలదు: కర్త పోయినను తఱుగని నిధి, దినదినము పరిచర్య చేయు మనుష్యులు, వ్రాతలోనున్న నియమము. భక్తి యీ మూడింటిని తొడుగుకొన్నప్పుడే యొక్క దినపు త్యాగము నూఱేండ్ల యుపకారమగును.

ఇక మన కాలమునకు వత్తము. కన్నప్ప చేసినది కంటికి కన్ను పెట్టుట. అది కవుల కల్పనయని నవ్వినవారు గలరు. 1905 డిసెంబరు 7వ తేదీన, బొహీమియాకు పొరుగుననున్న మొరావియాలో, ఓలొమౌత్సు పట్టణమున, ఎడ్వర్డు జీర్ము అను వైద్యుడు ఆ కల్పనను నిజము చేసెను. సున్నము పడి రెండు కన్నులు చెడిన యొక కూలివానికి, గాయపడినందున తీసివేయవలసి వచ్చిన యొక బాలుని కంటినుండి కార్నియా యను పారదర్శకపు పొరను తీసి యతికెను. ఆ కూలివాడు మరల పనికి పోగలిగెను. పిదప 1930 ప్రాంతమున సోవియట్టు దేశపు ఫిలాటోవు, మృతుల కన్నులనుండియు నీ పొరను గ్రహింపవచ్చునని నిరూపించెను. మన దేశమున మొదటి నేత్రనిధి 1945లో మద్రాసున నేర్పడెను. హైదరాబాదులో, తెలుగువాడైన చలనచిత్ర దర్శకుడు ఎల్.వి. ప్రసాదు గారి దానముతో, వైద్యుడు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారి పూనికతో 1987లో నేత్రవైద్యసంస్థ ప్రారంభమయ్యెను. దానికి చేరువగనే నేత్రనిధియు నేర్పడినది. కుక్సులో చూచిన మూడు లక్షణములును, నిధియు, పరిచారకులును, నియమమును, ఇచ్చట గలవు.

కన్నప్పవలె బ్రదికియుండగనే కన్ను పెకలించుకొమ్మని నేడెవ్వరు నడుగరు. మరణించిన యాఱుగంటల లోపల కన్నులు తీసికొనిన చాలును. ఇంటివారు చేయవలసినది కొంచెమే: మృతుని కనుఱెప్పలు మూసి, తడిదూదిని వానిపై నుంచి, ఫంకా నాపి, తల క్రింద దిండుంచి, నేత్రనిధికి కబురు పంపుట. ముసలితనము గాని, కంటద్దములు గాని, శుక్లములకు జరిగిన శస్త్రచికిత్స గాని యడ్డుకావు. ముఖము వికృతము కాదు. ఒక్కని కన్నులు సాధారణముగా నిద్దఱికి చూపు నీయగలవు. కొన్ని యంటురోగములచే మరణించినవారి కన్నులను మాత్రము గ్రహింపరు. వానిలో పిచ్చికుక్క కాటువలని జబ్బు ముఖ్యము. ఇట్లతికిన పొర ద్వారా ఆ జబ్బు మఱియొకరికి సోకినట్లు 1978లో అమెరికాలో తేలెను. హ్యూబర్టు వేటగాండ్రు భయపడిన యా విషము నేటి వైద్యునికిని హెచ్చరిక చేయుచునే యున్నది.

ఇంత సులభమైన దానము మనయింట నేల జరుగుటలేదు? కన్నులు తీసినచో రాబోవు జన్మమున గ్రుడ్డివారై పుట్టుదురను భయ మొకటి. కన్నప్పను కొలుచుచు నీ భయమును పోషించుట యెట్టి తర్కమో మాకు తెలియకున్నది. కన్నిచ్చినవానికి కైలాసము వచ్చెనని చదువుదుము. కన్నిచ్చిన తండ్రికి చీకటి వచ్చునని వణకుదుము! రెండవ కారణ మింకను ముఖ్యము. మరణించినవాని కోరిక యొక్కటే చాలదు. ఆ గడియలో వాడు మాటాడలేడు. భార్యయు, కొడుకులును, కూతుండ్రును, కోడండ్రును దుఃఖము నడుమ నొక్కమాటపై నిలువవలయును. ఒక్క పినతండ్రి కాదన్నచో పని చెడును. తిన్నని చెలికాండ్రు వానిని విడిచిపోయిరి; మన చుట్టములు మనలను విడువకుండవలెనన్నచో, బ్రదికియున్నప్పుడే యీ మాటను భోజనాలయొద్ద పదేపదే చెప్పి యుంచవలయును. ఇందు గృహిణుల పాత్ర యన్నిటికంటె పెద్దది. వారు సరే యన్న యింట నీ దాన మాగదు.

తుదకు, ముందు విడిచిన ప్రశ్నకు వత్తము. కన్నప్పకు గుడిలో తొలి జెండా నెత్తితిమి. కన్నప్ప జాతివారి కేమి చేసితిమి? 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించిన నేరస్థజాతుల చట్టము, ఎఱుకలు మొదలగు నెన్నియో సంచారజాతులకు పుట్టుకతోనే దొంగలను ముద్ర వేసెను. 1952లో నా చట్టము రద్దయినది గాని, ముద్ర యంతటితో చెఱగలేదు. 1972 నాటి వన్యమృగరక్షణ చట్టము వేట నాపినది. మృగములకది మేలు, ఆ మేలును మేము కాదనము. కాని యడవినే నమ్ముకొన్నవానికి వేఱు బ్రదుకు చూపు బాధ్యత నాపినవారిపై నున్నది. నల్లమల గూడెములలో చెంచు తల్లికి కాన్పు కష్టమైనచో వైద్యుని చేరుటకు కొండలు దాటవలయును. మూలికల నెఱిగిన జాతి మందులేక బాధపడుట మనకు గౌరవము కాదు. నెత్తురు కాఱుచున్న యా కన్నును మనము చూచుటలేదు.

కావున మా మనవి యిది. దమ్మాయిగూడ మొదలుగా కీసరగుట్ట చుట్టునున్న యూళ్లలో శివరాత్రికి పందిళ్లు వేసి, పానకములు పంచు యువజనసంఘములు లేకపోలేదు. అట్టి సంఘములు ఏటికొక్క పని యదనముగా పూనవచ్చును: తమ వాడలో నేత్రదానమున కంగీకరించిన కుటుంబముల పట్టిక వ్రాసికొని, నేత్రనిధికి కబురు పంపు బాధ్యతను ఒకరిద్దఱికి పేరుపెట్టి యప్పగించుట, హుండీలో కొంత వేఱు తీసి, ఒక గూడెమునకు నర్సును, మందుపెట్టెను నెలనెల పంపుట. కుక్సు వంటి భవనము కట్టనక్కఱలేదు. ఒక పుస్తకము, ఒక నిధి, మాటపై నిలుచు పదుగురు మనుష్యులు చాలుదురు.

కన్నప్ప వారసులమని చెప్పుకొనుటకు విల్లు పట్టిన కులమున పుట్టనక్కఱలేదు; పుట్టినవారిని తక్కువ చేసి మాత్ర మా పేరు చెప్పుకొనరాదు. పరుని నొప్పిని చూచి, స్తోత్రము చదువుచు నిలువక, మందు తేవడవికి పరుగెత్తినవాడే యాతని వంశమువాడు.